కోర్టు వాయిదాకు సెటిల్‌మెంట్ కంపెనీ రాదు, మీరే వెళ్లాలి

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. మాది నిజాంపేట. వయసు 37. చెల్లి పెళ్లికి బ్యాంకులో పర్సనల్ లోన్ తీసుకున్నాను. రెండేళ్ల కిందట ఉద్యోగం పోయి, ఏడు నెలల తర్వాత తక్కువ జీతానికి వేరేచోట చేరాను. ఇప్పుడు నెలకు 62,000 వస్తుంది. లోన్ కాక రెండు క్రెడిట్ కార్డుల మీద 1,90,000 దాకా బాకీ ఉంది. ఈఎంఐలు కట్టలేక అవస్థ పడుతుంటే అప్పులు సెటిల్ చేయించే ఒక కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. "ఈఎంఐలు ఆపేయండి, మా ప్రోగ్రామ్‌లో నెలనెలా డబ్బు దాచండి, సగానికే సెటిల్ చేయిస్తాం" అన్నారు. చేరడానికి 12,000 కట్టాను. 14 నెలలుగా నెలకు 11,000 జమ చేస్తున్నాను, వాళ్ల ఫీజు 1,500 అదనం. మొన్న బ్యాంకు సిటీ సివిల్ కోర్టులో 6,87,000కు దావా వేసిందని సమన్లు వచ్చాయి. నేను ఆఫీసులో ఉంటే కోర్టు అమీనా దగ్గర మా నాన్నగారు సంతకం పెట్టి తీసుకున్నారు. కంపెనీ వాళ్లేమో "ఇదంతా బెదిరింపే, మా లీగల్ టీమ్ జవాబిస్తుంది, మీరు కోర్టుకు వెళ్లక్కర్లేదు" అంటున్నారు. ఇల్లు నాన్నగారి పేరున ఉంది, అది పోతుందేమోనని ఆయనకు నిద్ర లేదు. మేనమామ ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేయమంటున్నాడు. నా భార్యకు ఈ దావా సంగతి ఇంకా తెలీదు. నన్ను జైల్లో పెడతారా? ప్రోగ్రామ్‌లో కొనసాగాలా?

సమాధానం: మీ మెయిల్ చూసిన సాయంత్రమే మీకు ఫోన్ చేసి ఒక్క విషయం అడిగాను. సమన్ల మీద ఎక్కడైనా 'ఆర్డర్ 37' అనో 'సమ్మరీ సూట్' అనో ఉందా అని. మీరు కాగితాలన్నీ తిరగేసి లేదన్నారు. అది విన్నాక గాని నా మనసు కుదుటపడలేదు. ఆర్డర్ 37 అంటే త్వరగా తేల్చే దావా. దాని కింద వేసినదైతే సమన్లు అందిన 10 రోజుల్లో కోర్టులో హాజరు నమోదు చేసుకోవాలి. ఆ తర్వాత వాదించుకోవడానికి అనుమతి కూడా విడిగా అడగాలి, దానికీ 10 రోజులే. ఆ గడువు దాటితే బ్యాంకు చెప్పిందంతా ఒప్పుకున్నట్టు లెక్కగట్టి డిక్రీ, అంటే డబ్బు కట్టమనే కోర్టు తీర్పు, ఇచ్చేయవచ్చు. ఇది చదువుతున్న మిగతావాళ్లు కూడా సమన్లు అందగానే ముందు ఆ మాట కోసం వెతకండి.

మీది మామూలు దావా. జవాబు దావా, అంటే రిటెన్ స్టేట్‌మెంట్, వేయడానికి సమన్లు అందిన రోజు నుంచి 30 రోజులు. సరైన కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా పొడిగించవచ్చు. "సంతకం నేను పెట్టలేదు కదా, నాకు అందినట్టు ఎలా అవుతుంది?" అని ఫోన్లో అడిగారు. మీరు ఇంట్లో లేనప్పుడు మీతో కలిసి ఉంటున్న పెద్దవాళ్లు, ఆడైనా మగైనా, తీసుకుంటే మీకు అందినట్టే. పనిమనిషి తీసుకుంటే మాత్రం చెల్లదు. కాబట్టి నాన్నగారు సంతకం పెట్టిన తేదీ నుంచే రోజులు లెక్కపెట్టుకోండి. తీసుకున్నందుకు ఆయన్ని ఏమీ అనకండి. వద్దని తిప్పి పంపినా అందినట్టుగానే కోర్టు రాసుకునేది.

ఇక అసలు సంగతి. మీరు ప్రోగ్రామ్‌లో ఉన్నారన్న విషయంతో కోర్టుకు పని లేదు. దావాలో వాది బ్యాంకు, ప్రతివాది మీరు. ఆ కంపెనీ పేరు ఎక్కడా లేదు. మీకూ కంపెనీకీ మధ్య ఏదో ఒప్పందం ఉంది, దాని మీద బ్యాంకు సంతకం పెట్టలేదు. అందువల్ల 'నేను డబ్బు దాచుకుంటున్నాను, ఇంకో ఏడాదిలో సెటిల్ చేస్తాను' అనేది దావాకు జవాబు కాదు. వాళ్ల 'లీగల్ టీమ్' బ్యాంకుకు పంపే మెయిల్ కూడా కోర్టు ఫైల్లోకి చేరదు. జడ్జిగారి ముందు మాట్లాడగలిగేది ఇద్దరే: మీరు వకాల్తా ఇచ్చిన అడ్వకేటు, లేదా స్వయంగా మీరు. ఆ కంపెనీ వాళ్లను ఒక్క ప్రశ్న వేయండి: "నా కేసులో వకాల్తా వేసే అడ్వకేటు పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు చెప్పండి, వాయిదా రోజు కోర్టులో కలుస్తాను" అని. చెబితే మంచిదే. 'చూస్తాం సార్' అంటే అదే వాళ్ల జవాబు.

ఇంత కటువుగా ఎందుకంటున్నానంటే, ఇలా నమ్మి ఇంట్లో కూర్చున్నవాళ్లను చూశాను. ఒకావిడ నా దగ్గరికి వచ్చేసరికి ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది రాకుండానే ఇచ్చేది) అయిపోయి, దాన్ని అమలు చేయించే ఎగ్జిక్యూషన్ పిటిషన్ కూడా పడింది. ఆఫీసులో హెచ్ఆర్ వాళ్లు పిలిచి జీతం జప్తు ఉత్తర్వు చేతిలో పెడితే గాని ఆవిడకు కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలీలేదు. ఆవిడ ఫోన్ నిండా 'డోంట్ వర్రీ మేడం' అన్న మెసేజ్‌లే. ఎక్స్‌పార్టీ డిక్రీని పక్కన పెట్టమని అడగవచ్చు. అందుకు డిక్రీ తేదీ నుంచి 30 రోజుల్లో పిటిషన్ వేయాలి. సమన్లు సరిగా అందకపోతేనే తెలిసిన రోజు నుంచి 30 రోజులు. పైగా సరైన కారణం చూపించాలి. 'సెటిల్‌మెంట్ కంపెనీ వెళ్లొద్దంది' అంటే ఏ జడ్జి ఒప్పుకుంటారు? చాలాసార్లు కొంత డబ్బు డిపాజిట్ చేయమనో ఖర్చులు కట్టమనో షరతు కూడా పెడతారు. డిక్రీ ఒకసారి నిలిచిందంటే దాన్ని 12 ఏళ్ల దాకా అమలు చేయించుకోవచ్చు.

ముందు ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్ దించుకుని, సమన్ల మీద ఉన్న ఓఎస్ నంబరు (దావా నంబరు)తోగానీ 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (కేసు గుర్తింపు నంబరు)తోగానీ మీ కేసు చూడండి. ఏ కోర్టు హాలు, తర్వాతి వాయిదా ఎప్పుడు అన్నీ అందులో ఉంటాయి. ఈ మధ్య వాట్సాప్‌లో కోర్టు ముద్రల బొమ్మలతో దొంగ నోటీసులు తిరుగుతున్నాయి. మీది అమీనా తెచ్చిన అసలు కాగితమే, అయినా ఇలా సరిచూసుకోవడం అలవాటు చేసుకోండి.

అడ్వకేటు ఖర్చు భరించలేననుకుంటే పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా అడ్వకేటును ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. మీ జీతానికి వర్తించకపోవచ్చు గాని, లోక్ అదాలత్ సంగతులు కనుక్కోవడానికైనా ఆ మెట్లు ఎక్కండి. 15100 నంబరుకు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు.

జవాబు దావాలో ఏం రాయాలి? అప్పే తీసుకోలేదని మాత్రం రాయొద్దు. డబ్బు మీ ఖాతాలో పడింది, ఈఎంఐలు కట్టారు, అగ్రిమెంటు మీద సంతకం ఉంది. అబద్ధం ఒకటి దొరికిందంటే మిగతా నిజాలకు కూడా విలువ పోతుంది. మీరు పట్టుకోవాల్సింది లెక్కను. కట్టడం ఆపే నాటికి అసలు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, బౌన్స్ చార్జీలు ఎన్ని, పెనాల్టీ ఎలా వేశారు అన్నది ఖాతా స్టేట్‌మెంట్ ముందేసుకుని గీతలు గీస్తూ చూడండి. ఆలస్యానికి వేసే పెనాల్టీని వడ్డీలో కలపకూడదనీ, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదనీ రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. 2024 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది. మీరు ఆపింది 14 నెలల కిందటే అన్నారు, కాబట్టి ఆ నియమం మీకు పనికొస్తుంది. మీరు కట్టిన ప్రతి రూపాయీ జమలో కనిపిస్తోందో లేదో కూడా చూసుకోండి. నా అనుభవంలో ఇలాంటి దావాల్లో అప్పు మొత్తం కొట్టేయడం అరుదు, మొత్తం తగ్గడం మాత్రం జరుగుతుంది. దావా వేసినప్పటి నుంచి వడ్డీ ఎంత ఉండాలన్నది కూడా చాలావరకు కోర్టు చేతిలో ఉంటుంది.

మూడేళ్లు దాటితే అప్పు చెల్లదట కదా అని చాలామంది అడుగుతారు. మీకు అది వర్తించదు, 14 నెలలే అయింది. ఆ ఆశతో ఉన్న మిగతావాళ్లకు ఒక హెచ్చరిక: మూడేళ్ల గడువు లోపల బాకీ ఉందని రాసి సంతకం చేసినా, కొంత కట్టి రాతలో ఒప్పుకున్నా, గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మీ తరఫున అధికారం ఇచ్చిన ఏజెంటు రాసినా అంతే. సెటిల్‌మెంట్ కంపెనీలకు ఆథరైజేషన్ లెటర్ ఇచ్చినవాళ్లు ఈ మాట ఇంకోసారి చదువుకోండి.

జైలు గురించి. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. సివిల్ దావాలో పోలీసులకు పనే లేదు, 'రేపు పోలీసులు వస్తారు' అని ఏ రికవరీ ఏజెంటు అన్నా అది ఉత్త బెదిరింపు. డిక్రీ అయ్యాక కూడా డబ్బు కట్టలేదని అరెస్టు చేయాలంటే, కట్టగలిగి ఉండీ కావాలని ఎగ్గొడుతున్నాడని బ్యాంకు నిరూపించాలి. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: వట్టి పేదరికానికి జైలు ఉండదు. ఆడవాళ్లనైతే డబ్బు డిక్రీ కింద అసలు అరెస్టే చేయకూడదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. లోన్ తీసుకునేటప్పుడు సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఇచ్చారా? ఈఎంఐ ఆటోమేటిగ్గా కట్ అయ్యేలా నాచ్ మాండేట్ ఇచ్చారా? చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు పెట్టవచ్చు. మాండేట్ డబ్బుల్లేక తిరిగొస్తే 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలోని సెక్షన్ 25 కింద కూడా దాదాపు అలాంటి కేసే. రెండేళ్ల దాకా జైలు, లేదా మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ముందు నోటీసు వస్తుంది, అందిన 15 రోజుల్లో కట్టమని. 'ఈఎంఐలు ఆపేయండి' అన్నప్పుడు మీ కంపెనీ వాళ్లు ఈ ముక్క చెప్పారా? చెప్పి ఉండరు. ఒకవేళ క్రిమినల్ కోర్టు నుంచి కాగితం వస్తే దాన్ని ఈ దావాతో కలిపి చూడొద్దు. అక్కడ వాయిదాకు వెళ్లకపోతే వారెంటు వస్తుంది. రాజీ అక్కడా కుదురుతుంది గాని, హాజరు మాత్రం తప్పదు.

నాన్నగారి ఇంటి మాట. ఆయన అప్పుకు జామీను ఉన్నారా అని అడిగితే లేరన్నారు. ఇల్లు ఆయన సొంత సంపాదనతో కొన్నదన్నారు. అలాంటప్పుడు మీ అప్పుకు ఆ ఇంటిని తాకే హక్కు బ్యాంకుకు లేదు. పిత్రార్జితమై, అందులో మీ వాటా ఉంటే ఆ వాటా మీదికి రావచ్చు, మీది అలాంటిది కాదు. ఈ రెండు వాక్యాలు నాన్నగారికి ఈ రాత్రే చదివి వినిపించండి. భార్య మెడలో మంగళసూత్రం, ఇంట్లో వంటపాత్రలు, పరుపులు, బట్టలు, మీ పీఎఫ్ డబ్బు కూడా జప్తుకు రావు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60లో మత ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఒంటి మీంచి తీయకూడని నగల ప్రస్తావన విడిగా ఉంది. 1908 నాటి ఆ చట్టం రాసినవాళ్లకు మన ఇళ్ల సంగతి ఎవరో బాగానే చెప్పారు.

మీకు నిజంగా తగిలే దెబ్బ జీతం మీద. డిక్రీ అయి, అమలు పిటిషన్ పడితే, జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు వదిలేసి మిగతా భాగాన్ని జప్తు చేయవచ్చు. మీ 62,000 మొత్తం లెక్కలోకి వస్తుందనుకుంటే, 61,000లో మూడో వంతు, నెలకు 20,333. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలకు మించి ఇలా పట్టుకోకూడదు. రెండేళ్లకు దాదాపు 4,88,000. ఇప్పుడు ప్రోగ్రామ్‌కు కడుతున్న 12,500తో పోల్చుకుంటే ఎక్కడ తేడా వస్తుందో మీకే తెలుస్తుంది. పైగా ఆ ఉత్తర్వు వెళ్లేది మీ హెచ్ఆర్‌కు.

అందుకే డిక్రీ దాకా రానీయకుండా మాట్లాడుకోవడమే మేలు. ఆ మాటలు కోర్టులో జరగడం మీకు నష్టం కాదు, లాభం. దావా కోర్టులో ఉండగా బ్యాంకు కుదుర్చుకునే రాజీకి ఆ కోర్టు నుంచి సమ్మతి డిక్రీ తీసుకోవాలని రిజర్వు బ్యాంకు 2023 జూన్‌లో ఇచ్చిన నిబంధనల్లో ఉంది. అంటే మీ కంపెనీ వాళ్లు రేపు ఫోన్లో 'సగానికి ఒప్పించాం సార్, డబ్బు పంపండి' అన్నా, అది కోర్టు రికార్డుకు ఎక్కకపోతే మీ చేతికి ఏమీ రానట్టే. డబ్బు కట్టేశాక కూడా దావా అలా నడుస్తూ డిక్రీ అయిపోయిన సందర్భాలు లేకపోలేదు.

పద్ధతి ఇది. మీ అడ్వకేటు ద్వారా బ్యాంకు తరఫు అడ్వకేటుతో మాట్లాడండి. బ్యాంకు లెటర్‌హెడ్ మీద సెటిల్‌మెంట్ లెటర్ అడగండి: మొత్తం ఎంత, ఏ తేదీకి ఎంత, కట్టాక దావా ఏమవుతుంది, నో డ్యూస్ సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు అన్నీ అందులో ఉండాలి. ఆపై ఇద్దరూ సంతకాలు చేసి రాజీ మెమో కోర్టులో వేయాలి, లేదా లోక్ అదాలత్‌కు పంపమని అడగాలి. లోక్ అదాలత్ అవార్డుకు డిక్రీతో సమానమైన బలం ఉంది. దాని మీద అప్పీలు లేదు. వాది కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగొస్తుంది, బ్యాంకు అడ్వకేటు అటువైపు మొగ్గడానికి అదీ ఒక కారణం. ఏజెంటు సొంత యూపీఐ నంబరుకు ఒక్క రూపాయి కూడా పంపొద్దు. లోన్ ఖాతాకే కట్టండి.

ఎంతకు ఒప్పుకోవాలి? సగానికి కుదిరిందనే అనుకుందాం. 3,43,500 కావాలి. మీ ప్రోగ్రామ్‌లో ఉన్నది 1,54,000. ఇంకా 1,89,500 తక్కువ. చాలా సెటిల్‌మెంట్ లెటర్లలో ఒక్క వాయిదా తప్పినా మొత్తం బాకీ మళ్లీ లేస్తుందన్న షరతు ఉంటుంది. కాబట్టి తగ్గింపు కోసం ఆశపడి మూడు నెలల్లో కట్టేస్తానని ఒప్పుకోకండి. తగ్గింపు కొంచెం తక్కువైనా, 18 నెలలో 24 నెలలో గడువు దొరికితే నేనైతే దాన్నే పట్టుకుంటాను. రాజీ అసలు కుదరకపోతే, డిక్రీ ఇచ్చేటప్పుడే కిస్తీల మీద కట్టేలా ఉత్తర్వు ఇవ్వమని జడ్జిగారిని అడిగే వీలు చట్టంలో ఉంది. జీతం స్లిప్పు, ఇంటి ఖర్చులు, నాన్నగారి మందుల బిల్లులు చూపించి అడగండి. డిక్రీ అయిపోయాక అయితే బ్యాంకు ఒప్పుకుంటేనే కిస్తీలు కుదురుతాయి. అందుకే ముందే అడగడం.

సెటిల్ అయ్యాక సిబిల్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది, 'క్లోజ్డ్' అని కాదు. అదే బ్యాంకు కనీసం 12 నెలల దాకా మీకు కొత్త అప్పు ఇవ్వకూడదు. ఇప్పుడున్న పరిస్థితిలో కొత్త అప్పు దొరకకపోవడం మీకు శాపమేమీ కాదులెండి.

ప్రోగ్రామ్‌లో కొనసాగాలా అన్నారు. ముందు మీ 1,54,000 ఎక్కడుందో కనుక్కోండి. మీ పేరున ఉన్న ఖాతాలోనా, కంపెనీ ఖాతాలోనా? మీ పేరున ఉంటే స్టేట్‌మెంట్ తెప్పించుకోండి. కంపెనీ పేరున ఉంటే ఈ రోజే మెయిల్ పెట్టి మొత్తం వెనక్కి అడగండి. ఇలాంటి సెటిల్‌మెంట్ కంపెనీలకు రిజర్వు బ్యాంకు ఇచ్చే లైసెన్సు అంటూ ఏదీ లేదు. అప్పులు మాఫీ చేయిస్తామంటూ ఫీజులు వసూలు చేసేవాళ్లను నమ్మొద్దని రిజర్వు బ్యాంకే 2023 డిసెంబరులో ప్రజలను హెచ్చరించింది. అందరూ మోసగాళ్లని నేననను. నిజంగా బ్యాంకుతో మాట్లాడి తగ్గించిన వాళ్లూ ఉన్నారు. కానీ 14 నెలల్లో 33,000 ఫీజు తీసుకుని, ఒక్క అప్పు కూడా తేల్చకుండా, దావా పడ్డాక కోర్టుకు వెళ్లొద్దని సలహా ఇచ్చినవాళ్లకు ఇంకా ఫీజు కట్టడంలో నాకు అర్థం కనిపించదు. ఆథరైజేషన్ రద్దు చేస్తున్నానని వాళ్లకు మెయిల్ పెట్టి, కాపీ బ్యాంకుకు పంపండి. నెలవారీ ఆటోపే ఆపేయండి. డబ్బు తిరిగివ్వకుండా సాగదీస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఆ పోరాటం తర్వాత. ముందు వాయిదా.

మేనమామ గారి ఐపీ సలహా. మన దగ్గర 'ఐపీ పెట్టేశాడు' అనేది ఓ సామెతలా అయిపోయింది, పెడితే అప్పులన్నీ ఆవిరైపోతాయన్నట్టు. ఇప్పటికీ 1920 నాటి చట్టం కిందే ఆ పిటిషన్ వేస్తారు. మీ ఆస్తిపాస్తులు కోర్టు రిసీవరు చేతికి వెళ్తాయి, మీ లావాదేవీలన్నీ తవ్వుతారు, విముక్తి దానంతట అది రాదు, మళ్లీ అడిగి తెచ్చుకోవాలి. నెల జీతం వస్తున్న 37 ఏళ్ల మనిషి ఎనిమిది తొమ్మిది లక్షల అప్పుకు ఆ దారి పట్టాల్సిన అవసరం లేదు. మామయ్యకు నా నమస్కారాలు చెప్పండి.

కార్డుల బాకీ ఇంకా అలాగే ఉందని మరవకండి. ఆ రెండు బ్యాంకులూ రేపు దావా వేయవచ్చు, లేదా ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) నోటీసు పంపవచ్చు. చెన్నైలోనో ముంబైలోనో ఎవరో ఆర్బిట్రేటర్ పేరుతో వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తే జంక్ అనుకుని తీసేసేవాళ్లు చాలామంది. ఆ అవార్డు కూడా డిక్రీలాగే అమలవుతుంది. అప్పిచ్చినవాళ్లు తమంతట తామే ఏకపక్షంగా పెట్టుకున్న ఆర్బిట్రేటర్ చెల్లడని వాదించడానికి సుప్రీంకోర్టు తీర్పుల బలం ఉంది. కానీ ఆ అభ్యంతరం రాతపూర్వకంగా, వెంటనే చెప్పాలి. కార్డుల వాళ్లకు ఇప్పుడే మీరే మెయిల్ పెట్టి, చిన్న కార్డుతో మొదలుపెట్టి మాట్లాడండి. మధ్యవర్తి అక్కర్లేదు, ప్రతి బ్యాంకుకూ రికవరీ విభాగం ఉంటుంది. ఏజెంట్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే స్క్రీన్‌షాట్ తీసి బ్యాంకుకు ఫిర్యాదు పంపండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. మీ జీతం పడే ఖాతా ఈ మూడు బ్యాంకుల్లో దేనిలోనైనా ఉంటే, జీతాన్ని వేరే బ్యాంకుకు మార్చమని ఆఫీసులో అడగండి. బాకీ ఉన్న బ్యాంకు తన దగ్గరున్న మీ డబ్బును సర్దుబాటు చేసుకునే హక్కు వాడుకోవచ్చు. అయితే ఆస్తులు ఎవరి పేరునో రాసేయడం లాంటి పనులు చేయకండి, అది కోర్టులో మీ మీదికే తిరుగుతుంది.

మీ భార్యకు చెప్పండి. సలహాలిచ్చే కాలమ్ కాబట్టి అంటున్న మాట కాదిది. రాజీ అంటే వచ్చే రెండేళ్లు నెలకు ఇంత అని ఇంటి ఖర్చులోంచి తీయడమే, ఆవిడకు తెలియకుండా అది జరిగే పని కాదు. ఇంకోసారి అమీనా వస్తే తలుపు తీసేది ఆవిడే కావచ్చు కూడా. నాన్నగారు ఎలాగూ దాచలేరు, ఆయన ముఖం చూస్తేనే ఆవిడకు ఈపాటికి ఏదో అనుమానం వచ్చి ఉంటుంది.

వాయిదా రోజు బండి తీయకండి, పురానీ హవేలీ చుట్టుపక్కల పార్కింగ్ దొరకదు. జేఎన్టీయూ స్టేషన్లో ఎల్బీనగర్ వైపు మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే అక్కడి నుంచి ఆటోలో దగ్గరే. పదిన్నరకల్లా కోర్టు హాల్లో ఉండండి. సమన్లు, దావా కాపీ, లోన్ స్టేట్‌మెంట్, జీతం స్లిప్పులు, ఆధార్, రెండు ఫొటోలు ఒక ఫైల్లో పెట్టుకోండి. మొదటి రోజు పెద్దగా ఏమీ జరగదు. పేరు పిలుస్తారు, అడ్వకేటు వకాల్తా వేసి జవాబు దావాకు గడువు అడుగుతారు, అయిదు నిమిషాల్లో ఇంకో తేదీ ఇస్తారు. నాన్నగారు వెంట వస్తానంటే తీసుకెళ్లండి. వెనక బెంచీ మీద కూర్చుని, ఇలాంటి కేసులు ఆ ఒక్క పూటలో ఎన్ని పిలుస్తారో ఆయన్నూ చూడనివ్వండి.